గొర్రె అనని బుర్మాకన్ అక్క

బుర్మాకన్ అక్క గొర్రెను గొర్రె అనదు. నోటితో అనదు, చేత్తో రాయదు, చివరికి కంప్యూటర్లో కూడా కొట్టదు. ఏ నర్సమ్మకో టీచరమ్మకో ఈ పట్టింపు ఉంటే ఎవరికీ నష్టం లేదు. కానీ అక్క మా జిల్లా పశువైద్య కార్యాలయంలో గుమాస్తా. జిల్లాలో ఉన్న గొర్రెల లెక్కంతా రాసేది ఆమే.

తప్పంతా వాళ్ల మామగారిది. ఆయన పేరు కోయ్‌చుమాన్. మా కిర్గిజ్ భాషలో కోయ్ అంటే గొర్రె. కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు, ఆ పేర్లలో ఉన్న మాటలు కూడా పలకకూడదు. ఈ కాలపు కోడళ్లు మామగారి పేరు ఫోన్లో కొట్టి మరీ వెతుకుతున్నారు. అక్క మాత్రం మామగారు పోయి పంతొమ్మిదేళ్లయినా పట్టు వదల్లేదు. ఆయనే లేచి వచ్చి, "తల్లీ, ఇక చాలు, ఒక్కసారి గొర్రె అను" అని బతిమాలినా వినదని నా నమ్మకం.

గొర్రెతో ఆగినా బాగుండేది. పెద్ద బావగారి పేరు తెమిర్, అంటే ఇనుము. అందుకని ఆఫీసులో ఇనప బీరువా పేరు తుప్పుపట్టే పెట్టె. చినమామగారు జుమాబాయ్, జుమా అంటే శుక్రవారం. అందుకని మా ఆఫీసులో శుక్రవారమే లేదు, శనివారం ముందురోజు ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్క ఫోన్ చేసి మీటింగు ఎప్పుడో చెబితే, సగమే విని శనివారం వెళ్లాను. తాళం వేసిన తలుపు ముందు గంటసేపు నిలబడ్డాను.

ఆ నెలలోనే పై ఆఫీసు నుంచి ఒరోజ్‌బెక్ గారు గొర్రెల సంఖ్య పంపమన్నారు. నేను ఎక్సెల్ షీటు తెరిచాను. ఇంటికి, పశువు రకానికి ఒక్కో వరుస చొప్పున రెండు వేల పైచిలుకు వరుసలు. ఇళ్లవాళ్ల పేర్లు పై ఆఫీసు నుంచే నింపి వస్తాయి, మిగతా గడులు అక్క నింపుతుంది. 'రకం' అన్న కాలమ్ మీద ఫిల్టర్ పెట్టి గొర్రె అని కొట్టాను. ఏమీ లేవంది. కిటికీలోంచి చూస్తే ఎదురు కొండ నిండా గొర్రెలే. అయినా కంప్యూటర్ చెప్పాక మనం ఎవరమని సున్నా రాసి పంపేశాను. పావుగంటలో ఫోన్ మోగింది.

"ఏమయ్యా ఎర్మెక్, మీ తోడేళ్లు కులాసానా?" అన్నారు ఒరోజ్‌బెక్ గారు.

అప్పుడు ఫిల్టర్ జాబితా మొత్తం కిందికి లాగి చూశాను. ఆవు, గుర్రం, యాక్ బుద్ధిగానే ఉన్నాయి. వాటి వెనక మే మే అనేది, ఉన్నిది, కొవ్వుతోకది, మంద వెంట పోయేది, మెత్తటిది.

"అక్కా, ఇవన్నీ ఏమిటి?"

"అవే."

"అవే అంటే?"

"నిన్న మా ఇంట్లో రెండోసారి అడిగి వడ్డించుకున్నావే, అది."

పోనీ ఏదో ఒక మాటే రాయొచ్చు కదా అంటే, రోజంతా ఒకటే మాట రాస్తే విసుగు పుట్టదా అని నన్నే అడిగింది. నాలుగేళ్లు నేను గొర్రెల లెక్క కావాల్సినప్పుడల్లా ఐదు టిక్కులు పెడుతూ బతికాను. ఒకసారి కొవ్వుతోకది దగ్గర టిక్కు మర్చిపోతే నాలుగు వేల గొర్రెలు మాయమయ్యాయి. పోలీసులు మా మీద దొంగతనం కేసు పెట్టకపోవడం మా అదృష్టం.

ఈ వసంతంలో నా ఓపిక అయిపోయింది. మందలు కొండమీది పచ్చికకు పోయేలోపు టీకాలు వెయ్యాలి. మందులు శుక్రవారం వస్తాయి. ఏటి పక్కన దొడ్డికి మందను తోలుకొచ్చిన వాళ్లకే టీకా, టీకా వేసినట్టు ముద్ర ఉన్న మందనే కాపరి పైకి తోలుకెళతాడు. బుధవారం అక్క ఏదో పెళ్లికి వెళ్లింది. నేను తలుపు వేసుకుని కూర్చుని, ఆ ఐదు మాటలనూ వరసగా తీసేసి వాటి చోట గొర్రె అని ఒక్క దెబ్బలో మార్చేశాను. సేవ్ చేసి మూసేశాను. మళ్లీ తెరిస్తే జాబితాలో నాలుగే మాటలు. ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాను.

గురువారం పొద్దున్నే అక్క పెళ్లివారు నూనెలో వేయించిన పిండి ముక్కలు, బోర్సోకులు, మూటగట్టుకొచ్చింది. నాకు నాలుగు పెట్టి, తన కుర్చీలో కూర్చుని ఫిల్టర్ నొక్కింది. ముందు ఆ నిషిద్ధమైన మాటను అరచేత్తో మూసింది. తర్వాత మిగతా జాబితాను రెండుసార్లు పైకీ కిందికీ లాగి వెతికింది.

"మెత్తటివి ఏవి, నాయనా?"

"అన్నీ ఒకటే కదా అక్కా. కలిపేశాను."

"ఒకటి కాదు. మిగతా నాలుగూ ఒకటే. మెత్తటివి వేరు."

అప్పుడు చెప్పింది. మెత్తటివి ఉన్నవి ముప్పై ఏడిళ్లు. మోకాళ్లు పోయినవాళ్లు, మంచం పట్టినవాళ్లు, తోడు లేని ముసలమ్మలు. మందను దొడ్డిదాకా తోలలేరు, ఎవరినీ సాయం అడగరు. ఏటా అక్క మెత్తటిది దగ్గర ఒక్క టిక్కు పెట్టి, మిగిలిన వరుసలన్నీ దాచి, ఆ కాగితం అచ్చు తీసి డాక్టర్ సాదిర్ చేతిలో పెడుతుంది. ఆయన తన జీపులో ఇంటింటికీ తిరిగి టీకా వేసి ముద్ర కొడతాడు. పని కాగానే కాగితం చింపేస్తాడు. పదకొండేళ్లుగా ఇదే వరస. ఈసారి కాగితం లేకపోతే ఆ మందలు కిందే ఉండిపోతాయి.

నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. "ఆ ముక్కకు వేరే కాలమ్ పెట్టొచ్చుగా అక్కా? నడవలేనివాళ్లు అని తిన్నగా రాస్తే ఈ గొడవ ఉండేదా?"

"ఈ షీటు పది ఆఫీసులు చూస్తాయి. ఎవరు లేవలేకపోతున్నారో ఊరంతా చదవాలా? మెత్తటిది అని రాస్తే నాకు పిచ్చి అనుకుంటారు. అనుకోనీ." తర్వాత నా వైపు చూసి, "పాత కాపీ ఉందా?" అంది.

లేదు. ఆఫీసులో కంప్యూటర్ బాగా తెలిసినవాణ్ని నేనే కాబట్టి కాపీ తీసే పని కూడా నాదే.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఇళ్లన్నీ అక్కకు కంఠతా వచ్చు. ఇరవై మూడు పేర్లు గడగడా చెప్పింది, నేను వరుసలు వెతికి మెత్తటిది అని కొట్టాను. తర్వాత ఆగిపోయింది. మిగిలిన పద్నాలుగు మందీ ఆమె అత్తింటి వైపు పెద్దలు.

"పేరు చెప్పండక్కా."

"నేనెలా చెబుతాను? నీలం గేటు. చెవి వినపడదు. పెళ్లిళ్లలో అందరికంటే ముందు కూర్చుంటాడు."

"అలాంటివాళ్లు మన ఊళ్లో తొమ్మిదిమంది ఉన్నారు."

"ఆయన పేరుతో తలుపులు చేస్తారు. తుప్పు పడుతుంది."

ఇలా పొద్దుగుంకే వేళదాకా పొడుపుకథలు విప్పాను. ఇరవై ఎనిమిది బోర్సోకులు తిన్నాను. చివరి మనిషి దగ్గర ఆమె ఏ గుర్తూ చెప్పకుండా తలమీది రుమాలు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. నాకు అర్థమైంది. మామగారి పేరే పెట్టుకున్న మరో ముసలాయన. షీటులో కోయ్‌చుమాన్‌లు ముగ్గురున్నారు. ఒక్కొక్కరి వీధి పేరు చదివాను. మూడోదానికి తల ఊపింది.

శనివారం ముందురోజు సాదిర్ గారి జీపు ముప్పై ఏడు గుమ్మాల ముందూ ఆగింది. నేను మందుల పెట్టె పట్టుకుని వెంట తిరిగాను. నీలం గేటు తాత నన్ను చూసి, దొడ్డికి తనే వద్దామనుకున్నాడట, మేమే తొందరపడ్డామట, కోప్పడ్డాడు. నేను క్షమించమని అడిగాను.

లెక్క పై ఆఫీసుకు పంపేటప్పుడు మాత్రం వాటిని గొర్రెల్లో కలపడానికి చెయ్యి రాలేదు. మెత్తటివి నాలుగు వందల పన్నెండు అని విడిగా రాశాను. అనుకున్నట్టే ఒరోజ్‌బెక్ గారు ఫోన్ చేశారు.

"ఈ మెత్తటివి ఏమిటయ్యా?"

"ఒక జాతి సార్. మా దగ్గరే ఉంటుంది."

"ఉన్ని ఎలా ఉంటుంది?"

"మెత్తగా సార్."

ఆయన చాలాసేపు ఏదో రాసుకున్నారు. శరదృతువులో పై ఆఫీసు నుంచి కొత్త ఫారాలు వచ్చాయి. ఆవులు, గుర్రాలు, గొర్రెలు, యాక్‌లు, వాటి పక్కన చక్కగా అచ్చు వేసిన మరో గడి: మెత్తటివి. అక్క కళ్లజోడు పెట్టుకుని, మూడో గడిని వేలితో మూసి, మిగతాది రెండుసార్లు చదివింది.

"చూశావా ఎర్మెక్," అంది సంబరంగా, "ఆ పై ఆఫీసులో కూడా ఎవరో మంచి కోడలు ఉన్నట్టుంది."