రాని పన్నెండు మంది

నా చిన్నప్పుడు మా వాడ బడికి ఒక్కడే సారు. ఐదు తరగతులు, రెండు గదులు, ఇరవై ముగ్గురు పిల్లలు, ఒక సారు. చిన్నవాళ్లకు అక్షరాలు దిద్దించేసరికే మధ్యాహ్నమయ్యేది. ఐదో తరగతిలో ఉన్న మా నలుగురికి లెక్కలు చెప్పడానికి ఆయనకు తీరిక దొరికేది కాదు. "పుస్తకం చూసి చేయుండ్రి, తర్వాత చూస్త" అనేవాడు. ఆ తర్వాత అనేది వచ్చేది కాదు. నాకేమో లెక్కలంటే ప్రాణం. భిన్నాల పాఠం మొదట్లోనే నెల రోజులుగా ఆగిపోయి ఉన్నాను.

మాది మెట్‌పల్లికి, కోరుట్లకు నడుమ ఉన్న ఊరు. ఊళ్లో రెండు సర్కారు బడులుండేవి. ఒకటి మాది, రెండోది రోడ్డు పక్కన ఉన్న పెద్ద బడి. ఆ బడికీ ఒక్కడే సారు. పసుపు తవ్వే రోజుల్లో ఒకనాడు మా సారు ఒక కబురు చెప్పాడు. ఈ రెండు బడులకు కలిపి ఇంకొక సారును ఇస్తారట. ఆఫీసరు రేపు రోడ్డు బడికి, ఎల్లుండి మా బడికి వచ్చి, పిల్లల చేత చదివించి చూసి, ఎవరికివ్వాలో తేలుస్తాడట. ఎలా తేలుస్తాడో ఎవరూ చెప్పలేదు. బాగా చదివిన బడికే ఇస్తారని మేమందరం అనుకున్నాం, పరుగుపందెంలో గెలిచినవాడికి బహుమతి ఇచ్చినట్టు. మా సారూ అలాగే అనుకున్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ముగ్గురిలో పదిహేడు మంది గడగడా చదువుతారు, ఆరుగురు చదవలేరు. ఆ ఆరుగురి పేర్లూ నా వేళ్ల మీదే ఉన్నాయి.

మా ఇంట్లో, పక్కింట్లో, వాడంతా బీడీలు చేసేవాళ్లే. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పేటప్పుడు అక్కడి మనిషి కట్టలు తిప్పి చూసి, వంకర పోయినవాటిని, వదులుగా చుట్టినవాటిని పక్కకు తీసేసేవాడు. దాన్ని ఛాట్ అనేవాళ్లం. అందుకే మా అవ్వ ఇంటి దగ్గరే చెడ్డవాటిని ఏరేసి, మంచి కట్టలే తీసుకుపోయేది. పిల్లలనూ అలాగే ఏరితే సరిపోతుందని నాకు తట్టింది. ఆరుగురిని ఆ ఒక్కరోజు ఇంటి దగ్గర ఉంచితే పదిహేడుకు పదిహేడు. ఒక్కటి కూడా తప్పు పోదు.

పొద్దున్నే సారుకు చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ "చూద్దాం" అన్నాడు. వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టే అని నేను లెక్క వేసుకున్నాను. సాయంత్రం ఆరిళ్లూ తిరిగి, రేపు బడి లేదని చెప్పి వచ్చాను.

తర్వాత పక్కింటి అక్క దగ్గరికి పోయాను. ఆమె అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మా బాపులాగే ఆమె భర్త కూడా దుబాయిలో ఉండేవాడు. నేను ఎంత వాగినా విసుక్కోని మనిషి వాడలో ఆమె ఒక్కతే.

"ఏందే పిల్లా, గంత కుషీగున్నవ్? మీ బాపు దుబాయికెల్లి బిస్కట్లు పంపిండా?"

చెప్పాను. నా తెలివికి మెచ్చుకుంటుందనే చెప్పాను. అక్క చేతులు ఆగిపోయాయి. మాట్లాడుతూనే చుట్టే మనిషి, చేతులాపడం నేనెప్పుడూ చూడలేదు.

"ఛాట్ల పడ్డ బీడీని పారేస్తరు. గా పోరగాండ్లను ఏడ పారేద్దామనుకున్నవే?"

"ఒక్కదినమే గదక్కా" అన్నాను.

"నాకు గూడ గట్లనే చెప్పిన్రు. ఒక్కదినమే అని."

తరువాత ఆమె తన సంగతి చెప్పింది. తాను రెండో తరగతిలో ఉండగా, ఇలాగే ఎవరో పెద్దసారు వస్తున్నాడని, రేపు రాకు బిడ్డా, ఎల్లుండి రా అని వాళ్ల సారు చెప్పాడట. కొట్టలేదు, తిట్టలేదు, నెత్తి మీద చెయ్యేసి మంచిగానే చెప్పాడట. "ఎల్లుండి పోదామంటే సిగ్గాయె. తోటి పోరలు నవ్వుతరని ఇంకో దినం ఆగిన. నాలుగు దినాలైనంక మా అవ్వ చేతిల చాట పెట్టింది. గంతే." చాట పక్కకు పెట్టి లేచింది. "నడు. ఆరిళ్లూ నాకు చూపియ్యి."

మళ్లీ ఆరిళ్లూ తిరిగాం. ఒకచోట ఓ తల్లి కొడుకును మరునాడు పసుపు చేను పనికి తీసుకొస్తానని అప్పటికే మాటిచ్చింది. "బడి లేదని గీ పిల్లనే అచ్చి చెప్పిపాయె గదా?" అని గదమాయించింది. నేను అక్క వెనక దాక్కున్నాను.

"గీమె లెక్క తప్పింది చిన్నమ్మా," అంది అక్క నవ్వుతూ. "బడి ఉన్నది. రేపైతే తప్పక ఉన్నది."

మరునాడు ఆరుగురికీ తలలు దువ్వి, చెయ్యి పట్టుకుని అక్కే బడికి తెచ్చింది. ఆ రోజు బీడీల పని మానేసింది. వాళ్లను చూసి మా సారు తల దించుకున్నాడు, కానీ ముఖంలో ఏదో బరువు దిగినట్టుంది. ఆఫీసరు వచ్చి, గుమ్మంలో కూర్చున్న అక్కను చూసి ఎవరమ్మా నువ్వని అడిగాడు.

"నేను గూడ బడి దాన్నే సార్. రెండో తరగతి. నడుమల ఆగిన."

అందరం నవ్వాం. ఆఫీసరూ నవ్వాడు. తరువాత ఒక్కొక్కరినీ పిలిచి చదివించాడు. పదిహేడు మంది చదివారు. ఆరుగురు చదవలేకపోయారు. రాసుకుంటూ ఆయన మా సారుతో, నిన్న రోడ్డు బడిలో పంతొమ్మిది మందిని అడిగితే పంతొమ్మిది మందీ చదివారని చెప్పాడు. సారు ముఖం వాడిపోయింది. నా భిన్నాలు నా కళ్ల ముందే పోయాయి.

బల్ల మీద ఆయన కాగితం ఉంది. ఎదురుగా నిలబడ్డ నేను తలకిందులుగా చదివాను. రోడ్డు బడి వరుసలో హాజరు పట్టీలో ఉన్నవారు ముప్పై ఒక్కరు, వచ్చినవారు పంతొమ్మిది అని రాసి ఉంది. తీసివేత నాకు నోటికే వచ్చేది.

"సార్, గా పన్నెండు మందిని అడగలే గదా?"

ఆయన తలెత్తాడు. "ఏ పన్నెండు మంది?"

"రానోళ్లు సార్. ఆళ్లకు చదువచ్చో రాదో మీకు తెల్వదు గదా?"

మా సారు కంగారుగా నా భుజం పట్టుకున్నాడు. ఆఫీసరు మాత్రం ఆ కాగితం వైపు చూసి, పంతొమ్మిది చుట్టూ పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టాడు. కాగితం మడిచి వెళ్లిపోయాడు. గెలిచామనే అనుకున్నాను.

నెల తిరగకుండానే కొత్త సారు వచ్చాడు, రోడ్డు బడికి. మా సారు నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పాడు. ఆఫీసరు మళ్లీ వచ్చి రోడ్డు బడికి రానివాళ్ల గడపలు తిరిగాడట. పన్నెండు మందిలో కొందరు చేలల్లో ఉన్నారట, కొందరు బడి ముఖమే మరిచిపోయారట. అంతమందిని ఒక్క సారు తిరిగి బడికి తేలేడని పోస్టు వాళ్లకిచ్చాడట. "నువ్వు అడిగినందుకే ఇచ్చిన్నని చెప్పమన్నడు బిడ్డా."

ఇంటికి వచ్చి అక్క ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. నేనే అడిగి నేనే పోగొట్టుకున్నానని, అడగకుండా ఉంటే బాగుండేదని ఏడ్చాను. నా ఏడుపు తగ్గేదాకా ఆగి, "నాకప్పుడు గట్ల అడిగేటోళ్లు ఒక్కలు గూడ లేకపాయె" అంది.

భిన్నాలు నాకు ఎవరూ చెప్పలేదు. రొట్టె తుంచుకుంటూ, బెల్లం పంచుకుంటూ, తప్పులు చేసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. ఆ తర్వాత నూటికి ఎంత అన్నదీ పట్టుబడింది. మాది నూటికి డెబ్బై నాలుగు. రోడ్డు బడిది వచ్చినవాళ్లలో చూస్తే నూటికి నూరు, పట్టీలో ఉన్నవాళ్లలో చూస్తే అరవై ఒకటి. కానీ ఆ అరవై ఒకటి కూడా సరైన లెక్క కాదని తెలియడానికి నాకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అడగనివాళ్లను చదువు రానివాళ్లుగా రాయకూడదు. తెలియనిది సున్నా కాదు. తెలియదు అంతే.

ఇప్పుడు మా మండలంలో ఏ బడి ఎలా ఉందో పోల్చి చూడాల్సి వస్తే నన్నూ పిలుస్తారు. పెద్ద చదువు లేకపోయినా లెక్క తప్పదని వాళ్లకు నమ్మకం. ఏ బడి ముందుంది, ఏది వెనకబడింది అని అందరూ ఆత్రంగా అడుగుతారు. నేను మొదట రానివాళ్ల పేర్లు రాయించుకుంటాను. అంకె కాదు, పేర్లు. అవి చేతిలో పెట్టుకుని ఆ ఇళ్లకు పోతాను. తలుపు తీసిన తల్లితో ఇవాళ బడి ఉందనే చెబుతాను.