రాజేశమన్న గోడ పక్క పంపుహౌసు

రాజేశమన్న ఇక లేరన్న వార్త ఆయన కొడుకే ఫోనులో చెప్పాడు. "సార్, బాపు పోయిండు. దవాఖానకు ఎవ్వరు రావద్దన్నరు. ఇంటికి గూడ రాకుండ్రి," అన్నాడు. మొన్నటిదాకా దగ్గుతూనే ఫోనులో నాతో పరాచికాలాడిన మనిషి. ఈ మహమ్మారి మా నుంచి ఎందరినో తీసుకుపోయింది గానీ, ఈ మరణం నన్ను దుఃఖం కన్నా ఎక్కువగా అపరాధభావంతో కుంగదీసింది. ఆ కారణం దాచి ఆయన గుణగణాలను కీర్తిస్తే అది సంస్మరణ కాదు, తప్పించుకోవడం.

సూరత్ తెలుగువారికి రాజేశం గారిని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. కరీంనగర్ వైపు నుంచి సాంచల పనికి, అంటే మరమగ్గాల మీద పనికి వచ్చి, క్రమంగా సలాబత్‌పురాలో చీరల దళారీగా స్థిరపడ్డారు. పల్సానా దారిలో మేమంతా ఇళ్లు కట్టుకున్న సొసైటీకి ఆయనే ప్రముఖ్, అంటే అధ్యక్షులు. బడిపంతులునైన నేను కార్యదర్శిని. ఆయన ఉదారులు, కానీ శాంతమూర్తి అని మాత్రం ఎవరూ అనలేరు. చీర ధర మీద, రాజకీయం మీద, చివరికి పప్పులో ఉప్పు మీద కూడా వాదించేవారు. సాయంత్రం వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నారంటే, దారినపోయే ప్రతివాడూ ఆగి ఆయనతో ఓ మాట ఆడి పోవలసిందే.

మా ఇళ్లున్న నేల నగర పటంలో వ్యవసాయ భూమిగానే ఉండిపోయింది. అందుచేత డ్రైనేజీ విస్తరణ ప్రణాళికలో మాకు చోటు లేదు. ఇంటింటికీ మురుగు గుంతలే, వానాకాలం వస్తే అవి పొంగి వాకిళ్లలోకి వచ్చేవి. నగరం వేసుకున్న ఆ ప్రణాళికలను ప్రాంతీయ అధికారులు సమీక్షిస్తున్నారని తెలియగానే రాజేశమన్న మా అందరి తరఫునా అభ్యంతరం దాఖలు చేయించారు. విచారణలో హిందీ, గుజరాతీ కలగలిపి ఆయన చేసిన వాదనకు అధికారులు నవ్వారు, విన్నారు, చివరకు ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు. మాది పల్లపు నేల గనుక మురుగును ఎత్తిపోసే పంపుహౌసు కట్టాలి, దానికి సొసైటీ ఉమ్మడి స్థలంలో ఒక మూల ఇవ్వాలి. రెండు మూలల్లో ఏదైనా పనికొస్తుందన్నారు. తూర్పు మూల మా గోడ పక్కన ఉంది, పడమటి మూల ఆయన గోడ పక్కన.

సమావేశంలో డ్రైనేజీ వద్దన్నవాడు లేడు, పంపుహౌసు తన వైపు రానిమ్మన్నవాడూ లేడు. నేను లేచి, మా అమ్మకు ఆయాసమనీ, ఆ వాసన ఆమెకు పడదనీ చెప్పాను. అమ్మ ఆయాసం నిజమే. కానీ నేను లేచింది అమ్మ కోసమేనని ఈనాటికీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. రాజేశమన్న నన్ను కాసేపు చూసి నవ్వారు.

"అందరిండ్లల్లకెల్లి పోయేది యాడనో ఒకకాడ ఆగాలె గదా, తమ్మీ. మా గోడ పక్కన్నే ఆగనియ్యి. సాంచల సప్పుడుల పండినోన్ని, మోటరు సప్పుడు నాకొక లెక్కనా?"

వాసన మాట ఆయన ఎత్తలేదు. నేనూ మళ్లీ ఎత్తలేదు.

పంపుహౌసు నడవడం మొదలయ్యాక మా వాకిళ్లు ఆరాయి. ఆయన వాకిట్లో మంచం మాయమైంది, ఆ వైపు కిటికీలు మూతపడ్డాయి. ఆయన భార్య లక్ష్మక్క వడియాలు ఎండబెట్టుకోవడానికి మా డాబా మీదికి రావడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు బతుకమ్మను కూడా మా మూలకు మార్చుకున్నారు. ఆయన ఇంటికి వెళ్లకూడదని ఎవరమూ అనుకోలేదు. ఏదైనా పని పడితే ఆయన్నే పిలిచేవాళ్లం, ఆయనే వచ్చేవారు. ఒకనాడు మా అరుగు మీద చాయ్ తాగుతూ, అమ్మ ఆరోగ్యం అడిగి, నలుగురి ముందూ అన్నారు:

"మీరెవ్వరు మా ఇంటికి వస్తలేరు గని, మీ నీళ్లు మాత్రం దినాం వస్తున్నయి తమ్మీ. గవన్న వస్తున్నయి, గదే సంతోషం."

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. మర్నాడైనా వెళ్లవలసింది, వెళ్లలేదు. అంతలో లాక్‌డౌన్ వచ్చి, వెళ్లకపోవడానికి నాకొక మర్యాదైన కారణం దొరికింది.

ఆ రోజుల్లో సాంచలు ఆగిపోయి, కిమ్ వైపు షెడ్లలో చిక్కుకున్న మనవాళ్లకు ఆయన ఇంటి నుంచే అన్నం పోయేది. పొట్లాలు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు పంపుహౌసు వాసనకు ముక్కు మూసుకుంటే, "మూతికి గుడ్డ ఇచ్చింది ఇందుకే, జర పైకి గుంజుకో," అనేవారట. ఇదంతా వాళ్లు చెబితే విన్నాను. అదే సొసైటీలో ఉండి కూడా నేను చూడలేదు.

ఆయన పార్థివదేహాన్ని ఆసుపత్రి నుంచే శ్మశానానికి తీసుకుపోయారు. కొడుకును ఒక్కణ్ణే రానిచ్చారు. పాడె మోసే భాగ్యం గానీ, లక్ష్మక్క పక్కన కూర్చునే వీలు గానీ మాకు లేకపోయింది. కబురు విన్నవాళ్లం ఎవరింట్లో వాళ్లం తల మీద నీళ్లు పోసుకున్నాం. ఆ పొద్దున సొసైటీలో ఏ ఇంట విన్నా నీళ్ల చప్పుడే. నేను స్నానం చేస్తుండగా పడమటి మూల నుంచి మోటరు మొదలైన చప్పుడు వినిపించింది. చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

రాజేశమన్నా, మీ వంటి పెద్దదిక్కు మాకు మళ్లీ దొరకదు. చేతులు జోడించి నమస్కరిస్తున్నాను, క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఆఖరి రోజు కూడా మీ ఇంటికి మేమెవరం రాలేదు. మా మైల స్నానాల నీళ్లే వచ్చాయి.