సత్యవతిగారికి రోగం నేర్పించిన ఏడాది

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు, మా ప్రిన్సిపాల్ గారు నన్ను గదికి పిలిచి ఒక కొత్త బాధ్యత అప్పగించారు. అప్పటికి నేను అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో కమ్యూనిటీ హెల్త్ విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. ఆసుపత్రిలో కాక, ఇళ్ళలో ఉన్న రోగులను చూసుకోవడం నేర్పే విభాగం అది. ఫైనల్ ప్రాక్టికల్ పరీక్షను ఆ ఏడాది నుంచి కొత్త పద్ధతిలో జరపాలని మాకు ఉత్తర్వు వచ్చింది. అందుకు కావలసిన పేషెంటును నేను తయారు చేయాలి. వెతికి తేవడం కాదు, తయారు చేయడం.

పాత పద్ధతిలో విద్యార్థినిని వార్డులోకి పంపి, ఆ పూట ఏ రోగి దొరికితే ఆ రోగి దగ్గరే పరీక్ష పెట్టేవాళ్ళం. ఒకమ్మాయికి మాటకారి దొరికేవాడు. ఇంకొకమ్మాయికి మూలుగు తప్ప మాట లేనివాడు దొరికేవాడు. మార్కులు చదువును బట్టి కాక మంచాన్ని బట్టి వచ్చేవి. కొత్త పద్ధతిని మావాళ్ళు ‘ఓస్కీ’ అంటారు. వరుసగా గదులుంటాయి, ఒక్కొక్కటి ఒక స్టేషన్. గంట కొట్టగానే లోపలికి వెళ్ళి అక్కడి పని చేయాలి, మళ్ళీ కొడితే పక్క గదికి మారాలి. ఎగ్జామినర్లు మూలన కూర్చుని, నోరు మెదపకుండా చెక్‌లిస్టులో టిక్కులు పెడతారు. ఒక గదిలో మాత్రం మనిషి ఉంటుంది. రోగి కాదు, రోగిగా తర్ఫీదు పొందిన ఆరోగ్యవంతురాలు. అందరు విద్యార్థినులకూ అదే రోగం, అవే జవాబులు. తూకం ఒకటే.

నేను అల్లిన కేసు ఇది. ఆమె రొయ్యల చెరువున్న ఇంటి ఇల్లాలు. షుగరు ఉంది, కాలికి చిన్న పుండు పడింది, మాత్రలు మానేసింది. తెల్లారకముందే పరగడుపున మాత్ర వేసుకుని చెరువుకు మేత చల్లడానికి వెళితే కళ్ళు తిరిగేవి. గట్టు మీంచి నీళ్ళలో పడతానేమోనన్న భయంతోనే మానేసింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. విద్యార్థిని ఆ కారణం రాబట్టాలి. అది తెలిస్తే సలహా తేలికే: తిండి తిన్నాకే మాత్ర, డాక్టరుకు వెంటనే చెప్పడం, కాలికి చెప్పులు, పుండుకు కట్టు. అది తెలియకుండా ఇచ్చే సలహా గోడకు చెప్పినట్టే.

పేషెంటుకు నేను పెట్టిన నియమాలు రెండే. “మాత్రలు వేసుకుంటున్నారా?” అని అడిగితే వేసుకుంటున్నాననే అనాలి, ఎందుకంటే నిజం రోగులూ అలాగే అంటారు. “మాత్ర వేసుకుంటే ఎలా ఉంటోంది?” అన్నట్టు అడిగి, జవాబు వచ్చేదాకా ఎదురు చూస్తేనే నిజం బయటపెట్టాలి.

ఈ స్టేషన్ అంటే అందరికన్నా ఎక్కువ వణికింది దుర్గ. సముద్రం ఒడ్డున వేటకు వెళ్ళే కుటుంబం ఆ అమ్మాయిది. రాతపరీక్షలన్నీ గట్టెక్కింది కానీ ప్రాక్టికల్ మాత్రం రెండుసార్లు తప్పింది. రోగిని చూడగానే పుస్తకంలోని పాఠం మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేది. రోగి మధ్యలో దగ్గినా ఆగేది కాదు. ఈసారి కూడా తప్పితే చదువు మాన్పించి మస్కట్‌లో ఇంటిపనికి పంపించేస్తామని ఇంట్లో తేల్చి చెప్పారు. మేనత్త అక్కడే ఉంది, వీసా సంగతి కూడా ఆవిడే చూస్తోంది.

పేషెంటు కోసం నేను ముందు మా సంఘంలోనే, అంటే మా చర్చిలోనే, వెతికాను. పసితనం నుంచి మందిరంలో పెరిగినదాన్ని. నాకు మనుషులు కావలసివస్తే మొదట గుర్తొచ్చేది స్త్రీల సమాజమే. మరియమ్మగారు ఉత్సాహంగా ముందుకొచ్చారు. రిహార్సల్‌లో ఒక విద్యార్థిని ఎదురుగా కూర్చుని “ఒంట్లో ఎలా ఉందండీ?” అనగానే ఆవిడ లేచి నిలబడ్డారు. దేవుడు చేసిన మేలు గురించి మా సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు లేచి నిలబడడం అలవాటు. కళ్ళు తిరగడం చెప్పారు, పుండు చెప్పారు, కన్నీళ్ళతో ప్రార్థించిన సంగతి చెప్పారు, చివరికి ప్రభువు తనను పూర్తిగా స్వస్థపరిచాడని చెప్పి స్తోత్రం చేశారు. గదిలో ఉన్న నేనూ అలవాటుకొద్దీ “ఆమేన్” అన్నాను. తీరా చూస్తే రోగం నయమైపోయింది. విద్యార్థిని సలహా ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.

“స్వస్థత అనేది పరీక్ష అయ్యాక రావాలి మరియమ్మగారూ” అన్నాను.

“దేవుడికి మనం టైము పెడతామా టీచరుగారూ?” అన్నారావిడ. బైబిల్ వాక్యానుసారమైన జవాబే. ఆవిణ్ణి టీ, బిస్కెట్ల ఏర్పాటుకు మార్చాను.

తర్వాత మా పక్కింటి సత్యవతిగారిని అడిగాను. ఉప్పలగుప్తం వైపు వాళ్ళకు నిజంగానే రొయ్యల చెరువులున్నాయి. శనివారం వస్తే అప్పనపల్లి వెళ్ళి బాలాజీని చూడనిదే పచ్చి మంచినీళ్ళయినా ముట్టరు. ఆవిడ భక్తి ఆవిడది, నా భక్తి నాది. గోడ మీంచి కూరగిన్నెలు మాత్రం రెండు వైపులా నడిచేవి. కేసు వినగానే ఆవిడ “ఆయ్, అలాగేనండి. ఈ మాత్రం రోగం నేను చెయ్యలేనా?” అన్నారు.

మొదటి రిహార్సల్‌లో తేలింది, ఆవిడ రోగం చేయగలరు గానీ మర్యాద మానలేరని.

విద్యార్థిని గదిలోకి అడుగు పెట్టగానే సత్యవతిగారు కుర్చీలోంచి లేచేవారు. “రామ్మా, కూర్చో. ఏ ఊరు మీది? ఎవరమ్మాయివి? ఎండన పడొచ్చేవు, మజ్జిగ తాగుతావా?” ఇంటిపేరు, తాతగారి పేరు, పెళ్ళి సంబంధాల సంగతి తేలేసరికి సగం సమయం అయిపోయేది. మిగతా సగంలో పిల్ల బిక్కమొహం చూసి ఈవిడే కరిగిపోయేవారు. “ఏంటమ్మా ఆలోచిస్తన్నావు? మాత్రల గురించి అడుగు. నేను మానేసేను. ఎందుకు మానేసేనో కూడా అడుగమ్మా, దానికే కదా మార్కులు!”

ఆ రోజు క్లాసు మొత్తానికి నూటికి నూరు వచ్చాయి. ప్రిన్సిపాల్ గారు చెక్‌లిస్టులు తిరగేసి, మీ పేషెంటునే నర్సుగా తీసుకుందామా అన్నారు.

సత్యవతిగారిని కూర్చోబెట్టి నియమాలు మళ్ళీ చెప్పాను. ఆవిడ బుద్ధిగా విన్నారు. “నాకు తెలుసండి. కానీ ఇంటికొచ్చిన ఆడపిల్ల ఎదురుగా బిక్కచచ్చి నిలబడితే నోరు కట్టుకుని ఎలా కూచుంటామండీ? అది మనిషి చేసే పనేనా?”

ఈ ప్రశ్నకు సమాధానం కోసం నా బోధనా శిక్షణ పుస్తకాలన్నీ తిరగేశాను. రెండు రోజులు ప్రార్థన చేశాను. మూడో రోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే సత్యవతిగారింటి నుంచి మాటలు వినిపించాయి. వాళ్ళ వియ్యపురాలు వచ్చి ఉంది. వాళ్ళమ్మాయికి అత్తగారు. నాకు తెలిసిన సత్యవతిగారి గొంతే కాదది. మెత్తగా, తూచినట్టుగా ఉంది. “ఆయ్, అంతా బాగానే ఉందండి. మీ దయవల్ల. చెరువు కూడా బాగానే ఉందండి.” చెరువులో తెల్లమచ్చ తెగులు తగిలి సగం రొయ్యలు పోయాయని ముందురోజే నా దగ్గర వాపోయిన మనిషి!

మర్నాడు రిహార్సల్‌కు ముందు ఒకే మాట చెప్పాను. “సత్యవతిగారూ, లోపలికొచ్చే ప్రతి అమ్మాయినీ మీ వియ్యపురాలు అనుకోండి.”

ఆవిడ చీర కొంగు భుజం మీదుగా కప్పుకున్నారు. కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆ రోజు ఒక్క విద్యార్థినికీ నిజం దొరకలేదు. ఏది అడిగినా చిరునవ్వు, ఏది చెప్పినా “ఆయ్”. ఏడుస్తూ బయటికొచ్చిన ఒకమ్మాయి, ఈ పేషెంటుకు అసలు రోగమే లేదు మేడం అంది.

నాకు పేషెంటు దొరికింది. ఇక విద్యార్థినులను తయారు చేయాలి.

కంఠతా పట్టే జబ్బు నాకు కొత్త కాదు. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నదాన్ని. కానీ అదే సండే స్కూల్లో మా నాన్నగారు నేర్పిన ఒక కథ నాకు తర్వాత పనికొచ్చింది. దారి పక్కన కూర్చున్న గుడ్డివాడు కేకలు వేస్తే ప్రభువు ఆగి, నీకు ఏం చేయమంటావని అడిగాడు. కళ్ళు లేవని ఎదురుగా కనిపిస్తూనే ఉంది, అయినా అడిగాడు. జవాబు విన్నాకే బాగు చేశాడు. అంతా తెలిసినవాడే అడిగి, విన్నప్పుడు, నాలుగేళ్ళు చదివిన మనం అడక్కుండా చెప్పడమేమిటి? ఈ మాట క్లాసులో చెప్పి, ఒక అభ్యాసం పెట్టాను. వారం పాటు హాస్టల్లో ఎవరికీ సలహా ఇవ్వకూడదు. అవును, కాదు అని తేలిపోని ప్రశ్న ఒకటి అడగాలి, తర్వాత ఆగాలి.

దుర్గకు అడగడం రెండు రోజుల్లో పట్టుబడింది. ఎంతగా అంటే, హాస్టల్ వంటావిడ వచ్చి, ఆ పిల్ల సాంబారు గురించి వాకబు చేస్తుంటే పోలీసులకు సాక్ష్యం చెబుతున్నట్టుందని ఫిర్యాదు చేసింది. కానీ ఆగడం మాత్రం రాలేదు. ప్రశ్న వేసిన మరుక్షణం మౌనానికి భయపడి పాఠం మొదలుపెట్టేది.

“ఆగినప్పుడు ఏం చెయ్యాలి మేడం?” అంది. “ఊరికే ఆగితే గుండె దడదడలాడతందండి.”

“నేనైతే మనసులో చిన్న ప్రార్థన చెప్పుకుంటాను” అన్నాను. “నువ్వు నీ అమ్మవారిని తలుచుకో. ఆవిడ పలికేలోపు పేషెంటే పలుకుతుంది.”

పరీక్ష రోజు కాకినాడ నుంచి ఎక్స్‌టర్నల్, అంటే బయటి ఎగ్జామినర్, వచ్చారు. నెమ్మదైన మనిషే గానీ కాపీలు పట్టడంలో పేరున్నవారు. నేను ఇంటర్నల్‌ని, అంటే కాలేజీ తరఫు ఎగ్జామినర్‌ని. ఇద్దరం మూలన కూర్చున్నాం. కొందరు అడిగి ఆగారు, నిజం దొరికింది. కొందరు భయంలో పాత పాఠంలోకి జారిపోయారు. దుర్గ వంతు వచ్చింది.

నమస్కారం పెట్టింది. పేరు చెప్పుకుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని కాలి పుండు చూసింది. “మాత్ర వేసుకున్న రోజు ఒంట్లో ఎలా ఉంటందండీ, పిన్నిగారండీ?”

“బాగానే ఉంటందమ్మా.” వియ్యపురాలి చిరునవ్వు.

దుర్గ పాఠం మొదలుపెట్టలేదు. తల దించుకుంది. పెదాలు కదిలాయి. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. గంట కొట్టే సమయం దగ్గర పడుతోంది. పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అప్పుడు సత్యవతిగారు కొంగు సర్దుకుని అన్నారు: “ఏం చెప్పనమ్మా... కళ్ళు తిరుగుతన్నాయి. గట్టు మీంచి పడిపోతానని మానేసేను. ఇంట్లో చెప్పలేదు.”

“పరగడుపున వేసుకునేవారాండీ?” అంది దుర్గ. ఆ తర్వాత చెప్పాల్సిన సలహాలన్నీ నాలుగు మాటల్లో చెప్పి, వాటిని ఆవిడ చేతే మళ్ళీ చెప్పించుకుంది. గంట కొట్టింది. బయటికి వెళుతుంటే సత్యవతిగారు వియ్యపురాలిని మరిచిపోయి “చల్లగా ఉండు తల్లీ!” అనేశారు.

ఎక్స్‌టర్నల్ గారు పెన్ను కింద పెట్టారు. ఆ పిల్ల పెదాలు కదిపింది, పేషెంటు చెప్పేసింది, పైగా దీవెనలు కూడానా అన్నారు. ఇది ముందే అనుకున్న సైగ అని ఆయన అనుమానం. ఈ స్టేషన్‌కు ఆమెకు సున్నా వేస్తానన్నారు. అదే జరిగితే దుర్గ మళ్ళీ తప్పినట్టే, మస్కట్ ప్రయాణం ఖాయమైనట్టే.

ప్రార్థన సంగతి చెప్పాను. ఆయన నమ్మలేదు, ఎగ్జామినర్ నమ్మకూడదు కూడా. చివరికి నేను ఒక మాటన్నాను. సైగ ఉంటే తెలుస్తుంది, లేకపోతే అదీ తెలుస్తుంది, మీరే విద్యార్థిగా కూర్చోండి.

ఆయన కోటు సవరించుకుని సత్యవతిగారి ఎదుట కూర్చున్నారు. ఈసారి వియ్యంకుడే వచ్చినట్టు ఆవిడ ఇంకాస్త నిటారుగా కూర్చున్నారు. మాత్రలు సక్రమంగా వాడుతున్నారా అని ఆయన అడిగారు. ఆయ్, వాడుతున్నానండి అన్నారావిడ. ఇబ్బందులేమైనా ఉన్నాయా? ఏమీ లేవండి, మీ దయవల్ల. ఆయన పాదాల సంరక్షణ గురించి చక్కటి ఉపన్యాసం ఇచ్చారు. ఆవిడ ప్రతి వాక్యానికీ “ఆయ్” అన్నారు. గంట కొట్టింది. చెక్‌లిస్టులో ఆయనకు టిక్కు పెట్టదగినవి నమస్కారం, పేరు చెప్పుకోవడం, ఆ రెండే.

ఆయన ఆ కాగితాన్ని నా చేతికిచ్చి, మళ్ళీ ఒకసారి కూర్చుంటానన్నారు. ఈసారి, మాత్ర వేసుకున్న రోజు ఒంట్లో ఎలా ఉంటుందమ్మా అని అడిగి ఊరుకున్నారు. ఫ్యాను తిరిగింది. ఆయన పెదాలు కదలలేదు గానీ కళ్ళు మాత్రం మూసుకున్నారు. “ఏం చెప్పమంటారండీ బాబూ...” అని మొదలుపెట్టారు సత్యవతిగారు.

ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చుని దుర్గ చెక్‌లిస్టు మళ్ళీ తీసుకున్నారు. టిక్కులన్నీ పెట్టి సంతకం చేశారు. వెళ్ళేటప్పుడు నన్నొక్కటే అడిగారు, ఆవిణ్ణి తమ కాలేజీకి పంపుతారా అని.

దుర్గ ఆ ఏడాదే పాసైంది. ఇప్పుడు తమ ఊరి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో పని చేస్తోంది. సత్యవతిగారు ఆ సాయంత్రం గోడ మీంచి పనసపొట్టు కూర అందిస్తూ, “వచ్చే ఏడు నాకేం రోగం ఇస్తారండీ? బీపీ అయితే బాగా చేస్తానండి” అన్నారు. నేను పదవీ విరమణ చేసేదాకా ఆవిడ చేసిన రోగాలు చాలానే ఉన్నాయి.

ఆ పరీక్ష నాకు నేర్పింది ఇది. మా ప్రాంతంలో రోగి ముందుగా ఇచ్చేది మర్యాద, జవాబు తర్వాత వస్తుంది. “ఆయ్” అన్న మాట మర్యాద కింద రాసుకోవాలి, సమాచారం కింద కాదు. పాఠం ఎంత బాగా వచ్చినా, అడిగి ఆగడం రాని నర్సుకు మర్యాద మాత్రమే దక్కుతుంది. ఆగడం కూడా చేతిపనే. సూది వేయడం నేర్పినట్టే దాన్నీ నేర్పాలి, పరీక్ష పెట్టాలి, మార్కులు వేయాలి.