శివప్ప కడుపులోని మంద

బెళుగుప్ప దగ్గర పొట్టేళ్ల బేరం చేసే శివప్పకు రాగిసంగటి అంటే పడదు. పొద్దున బజ్జీలు, మధ్యాహ్నం వరిబువ్వలోకి మటన్, సంత నుంచి వస్తూ బోటీ వేపుడు. ఇదీ వరస. భార్య నాగలక్ష్మమ్మ ఆకుకూర వండితే, "నేనేమన్నా మేకనా?" అని కంచం అవతలికి తోసేవాడు.

యాభై దాటాక దొడ్డికి పోయినప్పుడు రక్తం పడసాగింది. మొలలే అనుకుని, ఎవరికీ చెప్పకుండా ఏదో ఆకుపసరు తాగాడు. బండి సీటు మీద మెత్తటి దిండు కట్టుకున్నాడు. ఆ దిండే అతన్ని పట్టిచ్చింది.

సంగతంతా కక్కించి నాగలక్ష్మమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "గొర్రె పెంటికల్లో రవ్వంత ఎరుపు కనబడితే పశువుల డాక్టరు కోసం పరిగెత్తుతావే! నీ కాడికొచ్చేసరికి సిగ్గా?"

అనంతపురంలో డాక్టరు అంజలి అంతా విని, పేగులోకి కెమెరా పంపి చూడాలంది.

"యాడ నుంచి పంపుతారు మేడమ్?"

డాక్టరు చెప్పింది. శివప్ప లేచి చెప్పుల కోసం చూశాడు. అవి అప్పటికే నాగలక్ష్మమ్మ సంచిలో ఉన్నాయి.

పరీక్షకు ముందురోజు అనంతపురంలోనే ఉన్న శివప్ప అన్న సుంకన్న ఇంట్లో దిగారు. పేగు కడిగే మందునీళ్లు ఒక్కో గ్లాసే తాగుతూ శివప్ప మరుగుదొడ్డి వదల్లేదు. ఇంటిల్లిపాదీ చెంబులు పట్టుకుని బయట వరస కట్టారు.

"తమ్ముడూ, ఏడు జన్మల పాపాలూ ఈ పొద్దే కడిగేసుకుంటాండావా?" అని సుంకన్న తలుపు బాదాడు.

మరునాడు పెద్దపేగులో పెద్ద బొడిపె ఒకటి కనిపించింది. కెమెరా గొట్టంలోంచే దాన్ని కోసి తీసేశారు. అది ఇంకా క్యాన్సర్ కాలేదని, వదిలేసి ఉంటే అయ్యేదేమోనని ల్యాబు పరీక్షలో తేలింది.

"మనిషి పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులు బతుకుతుంటాయి," అంది డాక్టరు. "పీచున్న తిండి వేస్తే అవి దాన్ని పులియబెట్టి పేగు లోపొరకు బలం తయారు చేస్తాయి. రోజూ కొవ్వూ మాంసమే పడితే పైత్యరసం ఎక్కువగా ఊరుతుంది. కొన్ని క్రిములు దాన్ని పేగును ఒరిసే పదార్థాలుగా మారుస్తాయి. ఏళ్ల తరబడి ఆ ఒరిపిడికి బొడిపెలు లేవొచ్చు. తిండి ఒక్కటే కారణమని చెప్పలేం. వయసు, వంశం కూడా ఉంటాయి."

"అంటే నా కడుపులోనూ ఒక మంద ఉండాదా మేడమ్?"

"ఒకటి కాదు, చాలా మందలు."

నాగలక్ష్మమ్మ అందుకుంది. "గొర్రెలకు గింజలు ఎక్కువేస్తే కడుపుబ్బి పడిపోతాయని నన్ను తిడతావే! ఈ మందకు ఇన్నేళ్లూ నువ్వేం మేపినావప్పా?"

ఆ రోజు నుంచి శివప్ప సంగటికి, గోంగూరకు, ఉలవచారుకు లొంగిపోయాడు. మాంసం పండగలకే. మొదటి వారం కొత్త మేత పడని మంద కడుపులో తిరగబడడంతో, సంతకు పోయే జీపులో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. "అలవాటయ్యేదాకా అంతేలే," అంటూ అతనే అందరికీ సర్దిచెప్పాడు.

డాక్టరు ఇంకోమాట కూడా చెప్పింది: తోడబుట్టినవాళ్లు కూడా చూపించుకోవాలి. ఆ కబురు అందగానే సుంకన్న ధర్మవరంలో లేని పెళ్లికి బయల్దేరాడు. శివప్ప బస్టాండులో కాపు కాసి, పొట్టేలును పట్టినట్టు మెడ చుట్టూ చేయివేసి అన్నను ఆటోలో కుదేశాడు.

సుంకన్న పేగు శుభ్రంగా ఉంది.

"ఏమీ లేనిదానికి నన్నింత కడిగిస్తివి కదరా!" అని బయటికొస్తూనే సుంకన్న విరుచుకుపడ్డాడు.

"తిట్టన్నా, ఇంకా తిట్టు," అంటూ శివప్ప తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.