మెట్ల మీద పేపర్లు, లోపల ఇంగ్లీషు

ఆ రోజు తెల్లవారకముందు నుంచే ముసురు. ఆసుపత్రిలో నాకు వారపు సెలవు. మడిలో నీళ్లు నిలవడంతో నారు పీకి కట్టలు కడుతున్నాం. కవర్లో చుట్టి జేబులో పెట్టుకున్న ఫోన్ మోగింది. చేతుల బురద కడుక్కునేలోపు ఆగిపోయి, మళ్లీ మోగింది. హైదరాబాద్ నుంచి చెల్లె. తోబుట్టువు కాదు. మలక్‌పేటలో ఒక నర్సింగ్ హోంలో నాతోపాటు నర్సుగా పనిచేసిన అమ్మాయి. అప్పటినుంచీ ఆమెకు నేను అన్నను.

"అన్నా, సార్ పోయిండ్రు," అంది. "పొద్దుగాల్నే. నిద్రలనే."

"ఎప్పుడు తీస్కపోతరంట?"

"వాన తగ్గితే పగటికే. వస్తవా?"

"వస్త."

మిగిలిన నారు మావాళ్లకు అప్పజెప్పి, బట్టలు మార్చుకుని బస్సెక్కాను.

సార్ ఎవరో చెప్పాలి. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి పాతబస్తీలోనే ఉండిపోయిన ఇంగ్లీషు మాస్టారు ఆయన. సర్కారు హైస్కూల్లో చెప్పి రిటైరయ్యారు. యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీలో ఇల్లు. నేను ఆయన దగ్గర బడిలో చదువుకోలేదు. తొంభైల చివర్లో, అప్పటికే ఉద్యోగం చేస్తున్న నాకు, ఆయన ఇంగ్లీషు మాట్లాడడం నేర్పారు.

ఆ రోజుల్లో ఊళ్లో మా బోరు ఎండిపోయింది. వరుసగా పంట పోయింది. నర్సింగ్ హోం జీతంతో ఇల్లు నడవడం లేదు. సౌదీలో ఒక ఆసుపత్రికి నర్సులను తీసుకుంటున్నారని తెలిసి నేను, చెల్లె పేర్లిచ్చాం. పనికి సంబంధించిన పరీక్ష ఇద్దరం దాటాం. ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష మిగిలింది. అది పోతే ముందు దాటినవన్నీ పోయినట్టే. మందుల పేర్లు చదువుతాం, డాక్టర్ చెప్పింది అర్థమవుతుంది, కేస్ షీటు రాస్తాం. నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పమంటే మాత్రం ఇద్దరికీ చెమట పట్టేది.

సార్ తన భార్య మందుల కోసం మా దగ్గరికి వచ్చేవారు. చెల్లె ధైర్యం చేసి అడిగింది.

"నేర్పుతానమ్మా. కానీ మా ఇంట్లో కుదరదు," అన్నారాయన. "లైబ్రరీకి రండి. సాయంత్రం నాలుగింటికి తీస్తారు."

ఇంట్లో ఎందుకు కుదరదో తర్వాత తెలిసింది. సార్ భార్యకు పక్షవాతం. ఆమెను మేం అమ్మ అనేవాళ్లం. గిన్నె కింద పడినా ఉలిక్కిపడి ఏడ్చేది. ఆ ఇంట్లో అందరూ చిన్న గొంతుతోనే మాట్లాడుకునేవారు. సార్ కూతురు తలుపు గడియకు గుడ్డ చుట్టింది.

లైబ్రరీ అంటే రెండు గదులు, ముందు నాలుగు మెట్లు. పుస్తకాల బీరువాలకు తాళాలు. జనం వచ్చేది పేపర్లకే. ఒక్కో పేపర్‌ను పేజీలుగా విడదీసి పంచుకునేవారు. సినిమా పేజీ కోసం వంతు ఉండేది. సార్ చెప్పులు బయట విడిచి వచ్చేవారు. అక్కడ ఇంకెవరూ విడిచేవారు కాదు. మూల బల్లను రుమాలుతో తుడిచి, నోట్లో ఒక లవంగం వేసుకుని కూర్చునేవారు. వెళ్లేటప్పుడు మళ్లీ తుడిచేవారు.

మొదటి రోజే లైబ్రేరియన్ వచ్చి నిలబడ్డాడు. "సార్, మీరు పెద్దోళ్లు. కూసోండ్రి, వద్దన. కానీ ఆవాజ్ ఈ టేబుల్ దాటొద్దు. లొల్లయితే నేనే లేపుత."

ఆవాజ్ ఎప్పుడూ టేబుల్ దాటలేదు. ముగ్గురం తలలు దగ్గర పెట్టుకుని గుసగుసగా ఇంగ్లీషు మాట్లాడుకునేవాళ్లం. తప్పు మాట్లాడితే సార్ నోటితో దిద్దేవారు కాదు. బల్ల మీద వేలితో ఒక్కసారి తట్టేవారు. అంటే మళ్లీ చెప్పమని. ఏ మాట దగ్గర తప్పామో మేమే వెతుక్కోవాలి.

చెల్లె ఒక గైడు కొనుక్కొచ్చింది. అందులో ప్రశ్నలకు జవాబులు అచ్చేసి ఉన్నాయి. 'నాకు ఖాళీ దొరికితే గొప్ప గ్రంథాలు చదువుతాను', 'సముద్ర తీరంలో నడుస్తాను' ఇట్లాంటివి. సార్ రెండు పేజీలు తిప్పి మూసేశారు.

"ఏమ్మా, సముద్రం చూశావా?"

"లేదు సార్. హుస్సేన్‌సాగర్ చూసిన."

"మరి హుస్సేన్‌సాగరే చెప్పు. చేసింది చెప్పు, చూసింది చెప్పు. అబద్ధం తెలుగులో చెప్పడమే కష్టం. ఇంగ్లీషులో ఎక్కడ చెప్తావు?"

ఆ మాట ఆయన చాలాసార్లు అనేవారు. ఇంకోటి కూడా అనేవారు: "మాట దొరక్కపోతే ఆగిపోకు. దొరికిన మాటల్తోనే చుట్టూ తిరిగి రా."

పరీక్ష ముందుగా చెల్లెకు వచ్చింది. మర్నాడు లైబ్రరీకి వచ్చి బల్ల ముందు కూర్చుని పేపర్ ముక్క ఒకటి మడుస్తూ ఉంది.

"ఏమడిగారు?" అన్నారు సార్.

"అన్నీ తెల్సినయే అడిగిండ్రు. చెప్పిన సార్. తప్పుల్లేకుండ చెప్పిన."

"మరి?"

"ఇనబడలేదంట. గట్టిగ చెప్పమన్నరు. గట్టిగ చెప్దామంటే ఇంగ్లీషు రాలే. టేపు రికార్డర్ తిప్పి ఇంటే ఫ్యాను చప్పుడు ఒక్కటే ఉంది. ఫెయిలేసిండ్రు."

సార్ లవంగం నమలడం ఆపేశారు. "తప్పు నీది కాదమ్మా," అన్నారు. "నేను నేర్పిన పద్ధతి అది."

నాకు భయం పట్టుకుంది. నా పరీక్ష వచ్చే నెలలో. గది తలుపేసుకుని గట్టిగా ఇంగ్లీషు మాట్లాడి చూశాను. గొంతు పెంచగానే తెలుగు వస్తోంది. తగ్గిస్తే ఇంగ్లీషు వస్తోంది. మర్నాడు వార్డులోకి వెళ్లి గట్టిగా గుడ్ మార్నింగ్ అంటే ఒక పేషెంటు అదిరిపడి లేచి కూర్చున్నాడు.

సార్ మమ్మల్ని యాకుత్‌పురా స్టేషనుకు తీసుకెళ్లారు. రైలు వస్తున్నప్పుడు దాని చప్పుడు మించి మాట్లాడాలన్నారు. చెల్లె ఆ చివర, నేను ఈ చివర నిలబడ్డాం. రెండు మాటలయ్యాయో లేదో చుట్టూ జనం చేరారు. "ఏంది అన్నా, ఆమెతోని ఏం పంచాయితీ?" అని ఒకతను నా భుజం పట్టుకున్నాడు. సార్ వచ్చి, గొడవేం కాదు బాబూ, చదువుకుంటున్నారు అని చెబితే ఎవరూ నమ్మలేదు. అక్కడికి మళ్లీ వెళ్లలేదు.

ఆ సాయంత్రం సార్ లైబ్రేరియన్‌ను అడిగారు. ఆయన ఏదీ అడిగేవారు కాదు, అందుకే ఆ మాట గుర్తుంది. "అబ్బాయి పరీక్ష అయ్యేదాకా, రోజూ కొద్దిసేపు వీళ్లను గట్టిగా మాట్లాడనివ్వండి."

"ఎట్లయితది సార్? గిది లైబ్రరీ. చదివెటోళ్లు నా మీదికొస్తరు."

చదివేవాళ్లలో పెద్దాయన చాచా. చార్మినార్ దగ్గర గడియారాలు బాగుచేసి మానేసిన మనిషి. ఉర్దూ పేపర్ మొదటి పేజీ ఎప్పుడూ ఆయనదే. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి మా వైపు తిరిగాడు.

"ఎవలు మీదికి వస్తరు? నేనా?" అన్నాడు. "అరే, వీళ్లకు గోడలు కావాలె. మాకు ఎలుతురు కావాలె. బయట మెట్ల మీద ఎలుతురు మస్తుగుంది. అరగంట మేమే బయటికి పోతం. లోపల మీరు చిల్లాయించుకోండ్రి."

"చాచా, రూల్ ఒప్పుకోదు," అన్నాడు లైబ్రేరియన్.

"రూల్ ఏంది? లైబ్రరీల నిశ్శబ్దంగ చదవాలె, గంతేనా? మేం బయట నిశ్శబ్దంగనే చదువుతం. ఫికర్ నక్కో, నువ్వు భయపడకు."

లైబ్రేరియన్‌కు నవ్వొచ్చింది. మర్నాటి నుంచి అయిదున్నర కాగానే చదివేవాళ్లు ఎవరి పేజీ వాళ్లు పట్టుకుని మెట్ల మీదికి వెళ్లేవారు. మేం లోపల గది ఆ మూలకొకరు ఈ మూలకొకరు నిలబడి మాట్లాడేవాళ్లం. గొంతు తగ్గితే మెట్ల మీంచి చాచా వినబడట్లేదని కేక వేసేవాడు. "ఆవాజ్ నై ఆరై మియా!" ఆయనకు ఇంగ్లీషు రాదు. వినబడుతోందా లేదా, అంతే చూసేవాడు. మాకూ కావలసింది అదే.

మొదటి రోజు మా ఇద్దరికీ నోరు పెగల్లేదు. అప్పుడు సార్ లేచి గది మధ్యలో నిలబడి, గట్టిగా ఎట్లా చెప్పాలో చూపించారు. తను పొద్దున్నే లేచి ఏమేం చేస్తారో ఇంగ్లీషులో చెప్పారు. పాలు కాచడం, అమ్మను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టడం, వీపుకు పౌడర్ అద్దడం. అరవై మంది పిల్లలున్న తరగతిలో వెనక బెంచీకి వినబడే గొంతు అది. బీరువా అద్దాలు అదిరాయి. ఆయనకు అంత గొంతు ఉందని మాకు తెలియదు. మెట్ల మీద ఉన్నవాళ్లు పేపర్లు దించి వెనక్కి చూశారు. సార్ చెప్పడం ముగించి, కూర్చుని, మామూలు గొంతుతో "ఊఁ, నువ్వు," అన్నారు నన్ను చూసి.

నా పరీక్ష నాంపల్లి దగ్గర ఒక ఆఫీసు గదిలో జరిగింది. బల్లకు అవతల ఒక మేడం. బల్ల మీద టేపు రికార్డర్. పైన ఫ్యాను. పేరు, ఊరు అడిగాక ఆమె ఒక కాగితం చూసి, మీరు లైబ్రరీకి వెళ్తారా, అక్కడ మీ అలవాట్లేమిటి అని అడిగింది. గైడులో ఆ జవాబు ఉంది. నాకు నోటికొచ్చు. సార్ వేలు బల్ల మీద తట్టినట్టు అనిపించింది.

వెళ్తానన్నాను. మా లైబ్రరీలో అయిదున్నరకు చదివేవాళ్లు బయటికి వెళ్తారు, మాట్లాడేవాళ్లు లోపల ఉంటారు అన్నాను.

ఆమె నేను తిరగేసి చెప్పాననుకుంది. సరిగ్గా చెప్పమంది.

సరిగ్గానే చెప్పాను మేడం అని, సార్ గురించి, చెల్లె టేపులో ఫ్యాను చప్పుడు గురించి, చాచా గురించి చెప్పాను. 'పక్షవాతం' అనే మాట దొరకలేదు. ఒక వైపు చెయ్యీ కాలూ పనిచెయ్యని మనిషి అని చుట్టూ తిరిగి వచ్చాను. మధ్యలో గొంతు పడిపోయింది. నాకే తెలిసింది. చాచా కేక గుర్తొచ్చి పెంచాను. ఆమె లేచి ఫ్యాను కట్టేసి వచ్చి కూర్చుంది. నడి ఎండాకాలం. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

"మరి ఆ లైబ్రరీలో మీరు ఏ పుస్తకాలు చదివారు?" అని అడిగింది చివరికి.

"ఒక్కటీ చదవలేదు మేడం," అన్నాను.

పాసయ్యాను. ఈ సంగతంతా చెబితే సార్ నవ్వలేదు. "నిజం చెప్పావు, మంచిదే," అని లైబ్రేరియన్ దగ్గరికి తీసుకెళ్లి బీరువా తాళం తీయించారు. "ఇప్పుడు ఒకటి చదివి వెళ్లు." చదివే వెళ్లాను.

చెల్లె మళ్లీ పరీక్షకు వెళ్లి పాసయింది. ఇంట్లో వాళ్లు పంపలేదు. అదే నర్సింగ్ హోంలో ఇప్పుడు నర్సులందరికీ పెద్ద. నేను సౌదీలో కొన్నేళ్లు చేసి, మళ్లీ బోరు వేసుకుని, మా మండల ఆసుపత్రిలో కుదురుకున్నాను. సెలవుకు వచ్చినప్పుడల్లా సార్‌ను చూసేవాణ్ని. ఒకసారి వచ్చేసరికి అమ్మ పోయి ఉంది. గడియకు చుట్టిన గుడ్డ తీసేశారు. సార్ మాత్రం ఇంట్లో గొంతు పెంచలేదు. సాయంత్రం అరగంట కోసం లైబ్రరీకి వెళ్లేవారు. మా తర్వాత కాల్ సెంటర్లకు వెళ్లే పిల్లలు వచ్చారు. ఆ అరగంట మా పరీక్షతో ఆగలేదు.

మలక్‌పేటలో దిగి ఆటోలో వెళ్లేసరికి వాన ఆగి, దహనం అయిపోయింది. ఇంటి ముందు నీళ్లు చల్లి ఉన్నాయి. సార్ కూతురిని పలకరించి లైబ్రరీకి నడిచాను. చెల్లె అక్కడే ఉంది. అయిదున్నరకు చదివేవాళ్లు పేపర్లు తీసుకుని మెట్ల మీదికి వెళ్లారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. లోపల చెల్లె, నేను, లైబ్రేరియన్, నలుగురైదుగురు పిల్లలు మిగిలాం.

"మాట్లాడుండ్రి," అన్నాడు లైబ్రేరియన్. "సార్ గురించి ఏదన్నొకటి."

 చెల్లె లేచి ఇంగ్లీషులో, సార్ మా ఇద్దరికీ చదువు చెప్పారు అని మొదలుపెట్టింది. గొంతు రాలేదు.

"ఆవాజ్ నై ఆరై బేటీ," అన్నాడు చాచా మెట్ల మీంచి. కేక వేయలేదు.

ఆమె గొంతు సవరించుకుని, మొదటి మాట నుంచి మళ్లీ గట్టిగా చెప్పింది.

చెల్లె నైట్ డ్యూటీ ఉందని ముందుగా వెళ్లింది. పిల్లలు ఆమె వెనకే వెళ్లారు. పొద్దుగూకే వేళ నమాజుకు పిలిచే మగ్రిబ్ అజాన్ వినబడగానే చాచా పేపర్ మడిచి లోపల పెట్టి మసీదుకు వెళ్లాడు. ఏడింటికి లైబ్రేరియన్ మూల బల్ల తుడిచి, తాళం వేసి వెళ్లాడు. నేను ఎనిమిదింటి బస్సుకు వెళ్లాను.