ఇటుక కోట పాఠం, గేటు దాటని పిండం

బడిలో మా టీచరమ్మకి ఆ ఇటుక కోటంటే ప్రాణం. ఎక్కడో చలిదేశంలో, శిలువ గుర్తు తొడుక్కున్న యోధులు ఏటి ఒడ్డున కట్టినది. అక్కడ రాయి దొరకదట, అందుకని మట్టి కాల్చి కట్టారట. మతం ఇస్తామని వచ్చి, ఊళ్లు తగలబెట్టి, ఆ నేల మీదే కోట లేపారు. శత్రువులు చుట్టుముట్టినా లొంగలేదు, ఎందుకంటే లోపల గాదెల నిండా ధాన్యం. మరి బయటివాళ్లు ఏం తిన్నారని అడిగాను. పరీక్షలో అది రాదు, కూర్చోమంది.

తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. బటాంగ్ బెర్జుంటై దగ్గర మా రబ్బరు తోటలో కూలి లైన్ల ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. అడవిలోని తిరుగుబాటుదార్లకి తిండి అందకూడదని బియ్యమైనా, వండిన అన్నమైనా గేటు దాటనిచ్చేవారు కాదు. పనికెళ్లే ఆడవాళ్ల గిన్నెలు కూడా విప్పించి మరీ వెతికేవారు. బడిలోనేమో ధాన్యం దాచుకున్నవాళ్లు వీరులు!

నాయనమ్మ అప్పుడే పోయింది. పదోరోజు ఏటి ఒడ్డున పిండం పెట్టాలి, కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకి ఏదో కోరిక మిగిలిపోయినట్టే. ఆ పూట గేటు దగ్గర తుపాకీతో కాపలా ఉన్నది చిన్నాన్న, నాయనమ్మ చెల్లెలి కొడుకు. పసితనంలోనే తల్లి పోతే నాయనమ్మే ముద్దలు కలిపి పెట్టి పెంచింది. మనవాడే కదా అని నాన్న ఎవరి అనుమతీ అడక్కుండా, పిండం ఆకులో పెట్టుకుని బయల్దేరాడు. మేం చేసిన పొరపాటు అదే.

చిన్నాన్న నాన్న మొహంలోకి చూడలేదు.

"నానేటి సెయ్యను అన్నా, ఆర్డరు గదా. అన్నం బయటికెల్లదు."

అక్కడితో ఆగినా బాగుండేది. లోపల ఇంకేమైనా ఉందేమోనని పిండాన్ని వేళ్లతో చిదిమి చూశాడు. చూస్తున్న నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది.

నాన్న వెనక్కొచ్చి, మళ్లీ వండించి, కంచె లోపలే కాలవ పక్కన పెట్టాడు. పొద్దు వాలేదాకా కూర్చున్నాం. ఒక్క కాకీ వాలలేదు. చీమలు పట్టాయి.

మెర్డేకా వచ్చింది, తెల్లదొరలు పోయి స్వతంత్రం. మా తోటలో కంచె పీకేశారు, కాపలావాళ్లని ఇళ్లకి పంపేశారు. జెండాల సందడి ఇంకా తగ్గకముందే చిన్నాన్న మా గడపలోకి వచ్చాడు. తనని రబ్బరు చెట్లు గీసే పనికి పెట్టుకోమని మేస్త్రీకి ఓ మాట చెప్పమన్నాడు. ఆ ఇటుక కోట కథ ఎలా ముగిసిందో నాకు గుర్తొచ్చింది. జీతాలు ఇవ్వలేదని కూలి సైనికులే దాన్ని శత్రురాజుకి అమ్మేశారట. వాళ్లే నయం, అమ్ముకోడానికి కోటైనా ఉంది.

తర్వాత చిన్నాన్నే అన్నాడు. "ఇప్పుడు గేటు లేదు గదా అన్నా. పెద్దమ్మకి ఏటికాడ ముద్దెట్టొద్దాం."

నాన్న లోపలికెళ్లి, కంచంలో అన్నం తెచ్చి అతని ముందు పెట్టాడు.

"నువ్వే తినరా. మాయమ్మ ఆకలితోనే ఎల్లిపోనాది."

చిన్నాన్న తల వంచుకుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు. మధ్యలో పొలమారింది. నీళ్లచెంబు నా చేతికందే దూరంలోనే ఉంది. నేను ఇవ్వలేదు.