నాలుగు సాంచాలకు ఆన్‌లైన్ పాట

పాత ఇనుము కొనే సేట్లంటే నాకు ఒళ్లు మంట. తెగిన నూలు పోగుకు ముడి వేయడం కూడా రాదు గాని, మరమగ్గం కనబడితే చాలు, కిలో లెక్కన తూచేస్తారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. మూతబడ్డ ఓ కార్ఖానా యజమాని తన సాంచాలను ఫోన్లో వేలం పెట్టించమని నా దగ్గరికి వచ్చాడు. జగిత్యాలలో నాది వెబ్‌సైట్లు చేసే చిన్న దుకాణం.

మొదటి విడతలో అందరి పాటా అందరికీ కనిపించేలా పెట్టాను. ఒక సేటు మొదట్లోనే ఎవరూ అందుకోలేనంత పాడాడు. మిగతావాళ్లు నోరు మూసుకున్నారు. గడువుకు నిమిషం ముందు తన పాట వెనక్కి తీసుకున్నాడు. ఇక మిగిలింది అతని బామ్మర్ది పాటే, అదీ తుక్కు ధరకు. దీన్ని వ్యాపారం అంటారట. గోడ దూకే దొంగకు కనీసం మోకాళ్లైనా గీసుకుపోతాయి.

ఇంకా నాలుగు సాంచాలు మిగిలాయి. ఈసారి పాడినవాడు వెనక్కి తీసుకునేది లేదు. ముందే బయానా కట్టాలి. ఎవరెంత పాడారో గడువు దాటేదాకా ఎవరికీ కనిపించదు. ఇక ఏడవండ్రా అనుకుంటూ కోరుట్లలో ఇంటికి చేరేదాకా బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ నాలుగింటి మీదే ఇరవయ్యేళ్లు బట్ట నేసిన కార్మికుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అవి దొరికితే ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి తనే నడుపుకుంటాడట. దొరక్కపోతే పెళ్లాం పిల్లల్ని వదిలి మహారాష్ట్రలోని భీవండిలో మగ్గాలు నడిపే అన్న దగ్గరికి పనికి పోవాలి. నీ ధర ఆ సేట్ల తాతకు కూడా కనబడదన్నా అని గొప్పగా చెప్పాను.

వేలం రోజు పొద్దున ఆయన ధర పాడి, ఫోన్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. కొత్త సాంచా నడిపే ముందు అక్కడ అందరూ చేసేదే. తెర మీద తన ధర కనబడుతుండగా, భార్య ఫోన్‌తో ఫోటో తీయించి, అన్న చూసి దీవించాలని తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. సాంచా సామాన్లు అమ్మేది కూడా మొదటి విడతలో మోసం చేసిన ఆ సేటే. అతని నంబరూ ఈయన ఫోన్లో ఉంది.

సాయంత్రం గడువు ముగిసింది. సేటు పాట సరిగ్గా వంద రూపాయలు ఎక్కువ.

ఈసారి మోసం లేకుండా జరిగిందని యజమాని ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. దొంగల గురించి నెలరోజులు ఆలోచించాను. ఈ కార్మికుడి గురించి ఒక్క పూట ఆలోచించలేదు.

మరునాడు కార్ఖానా ముందు సేటు మనుషులు సాంచాలను సుత్తెలతో విరగ్గొడుతున్నారు. ఆయన భుజాన సంచితో నిలబడి చూస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"నీ సిస్టమ్‌ల తప్పేం లేదు సారు," అన్నాడు. "ఎవ్వలకు చూపియ్యద్దని నాకొక్క మాట చెప్పకపోతివి."

భీవండి బస్సుకు టైమైతుందని వెళ్లిపోయాడు.